తొలి ముద్దకే ఊగిపోయే తల ఊపు గారికి

మహారాజశ్రీ తల ఊపు గారికి,

హైదరాబాద్ విద్యానగర్ నుంచి, పదకొండేళ్లుగా ఒకే మెస్సులో ఆదివారం భోజనం చేస్తున్న ఒక బీపీ పేషెంటు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో తిండి వీడియోల్లో చూస్తూనే ఉన్నాను. కొంపల్లిలో మండీ పళ్లెం ముందు ఊగుతారు. మరుక్షణం దిల్‌సుఖ్‌నగర్‌లో పునుగుల బండి దగ్గర ఊగుతారు. బొటనవేలు ఇంకోసారి జరిపితే గచ్చిబౌలిలో బకెట్ బిర్యానీ మీద ఊగుతారు. ఇంత చాకిరీ చేస్తున్నా మీకు మెడ పట్టెయ్యదేమిటో నాకు అర్థం కాదు.

మిమ్మల్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు గనుక గుర్తులు చెబుతాను. ముద్ద నోట్లోకి వెళ్తుంది. పై పన్ను కింది పన్నును ఇంకా తాకనే లేదు. అప్పటికే కళ్లు పెద్దవవుతాయి, కెమెరా పట్టుకున్న స్నేహితుడి వైపు ఒక చూపు వెళ్తుంది, తర్వాత కళ్లు మూతపడి తల కుడికీ ఎడమకీ మూడుసార్లు ఊగుతుంది. అదే మీరు. మీ వెనకాలే 'అబ్బబ్బబ్బ', దాని వెనక 'మామా, వేరే లెవెల్', ఆఖరికి 'మాటల్లేవ్'. మాటల్లేవన్నాక ఇంకో నలభై సెకన్లు మాట్లాడతారు. రుచి తెలియాలంటే కాస్త నమలాలని బడిలో చెప్పారు. ఆ పాఠం జరిగిన రోజు మీరు సెలవు పెట్టినట్టున్నారు.

మీ వంశం గురించి ఆరా తీస్తే గంగిరెద్దు దగ్గర తేలింది. సంక్రాంతి ముందు మా వీధికీ వస్తుంది. 'అయ్యగారికి దండం పెట్టు' అంటే ఊపుతుంది, 'అమ్మగారు పట్టుచీర ఇస్తారా' అంటే ఊపుతుంది. అయినా మీ కన్నా అదే నయం. ఏ ఇంట్లో పోసిన బియ్యం గురించీ 'బ్రో, హైదరాబాద్‌లోనే బెస్ట్, అస్సలు మిస్ అవ్వకండి' అని పక్క వీధికి వెళ్లి చెప్పదు. పైగా అది ఎవరి తరఫున ఊపుతోందో అందరికీ కనిపిస్తుంది. ఆయన పక్కనే సన్నాయి పట్టుకొని నిలబడి ఉంటాడు.

అసలు తెలుగువాడు తిండి దగ్గర తల ఊపే రకం కాదండీ. వంక పెట్టే రకం. మా పెదనాన్న పెళ్లి భోజనానికి కూర్చుంటే వంటాయన కండువా నడుముకు చుట్టుకొని వచ్చి ఎదురుగా నిలబడేవాడు. 'పులిహోరలో చింతపండు పచ్చివాసన పోలేదు. బూరెలో పూర్ణం కన్నా పైపిండి ఎక్కువైంది. సాంబారు సరే గానీ ఇంగువ ఎవరికి దాచావు?' అనేవాడు పెదనాన్న. అంటూనే మూడోసారి వడ్డించుకునేవాడు. వంటాయనకి కోపం వచ్చేది కాదు. రాత్రి భోజనాల్లో ఇంగువ వాసన పందిరి బయటికి కొట్టేది. ఆ వంక వంటాయనకి పనికొచ్చేది. మీ ఊపు ఏ వంటాయనకి పనికొచ్చిందో కాస్త చెప్పండి.

మొదట్లో ఈ ఊళ్లో తిండి గురించి రాసేవాళ్లకీ వంకలుండేవి. నాకూ అలాంటివాళ్లు నలుగురు తెలుసు. ఆదివారం తెల్లవారుజామున బైకులు వేసుకొని పాతబస్తీకి నహారీ తినడానికి పోయేవాళ్లం. బిల్లు నాలుగు భాగాలు. పాయా పలచగా ఉందని ఒకడు, కుల్చా నిన్నటిదని ఇంకొకడు, నీకు నాలుకే లేదని మూడోవాడు. ఇరానీ చాయ్ అయిపోయేలోపు ఇద్దరికి మాటలు బంద్. వారం తర్వాత వాళ్లలో ఒకడు రెండు పేజీలు రాసేవాడు. బొమ్మలు మసకగా ఉండేవి, అక్షరదోషాలుండేవి, చదివితే మాత్రం పాయా వాసన వచ్చేది. కామెంట్లలో మళ్లీ గొడవ.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆగింది, జూలైలో మన దేశానికి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అనే పొట్టి వీడియోలు వచ్చాయి. రెండు పేజీలు ముప్పై సెకన్లయ్యాయి. ముప్పై సెకన్లలో వంక పెట్టడం కుదరదు, దానికి కారణం చెప్పాలి కదా. ఊగడానికి కారణం అక్కర్లేదు. మీ దశ అలా తిరిగింది. ఇప్పుడు కొత్త రెస్టారెంటు తెరిస్తే రీల్స్ తీసేవాళ్లని ముప్పై మందిని పిలుస్తారు. అందరికీ ఒకే రోజు, ఒకే టేబుల్, అవే ఆరు రకాలు. 'ఆగండాగండి, ఎవరూ ముట్టుకోకండి, ఇంకా టాప్ షాట్ అవలేదు' అని ఒకరు కుర్చీ ఎక్కుతారు. కింద కబాబ్ చల్లబడి చెప్పు అట్టలా తయారవుతుంది. రాత్రికి ముప్పై ఫోన్లలో ముప్పై తలలు, ఒక్కటే ఊపు. దాన్ని వాళ్లు 'కమ్యూనిటీ' అంటున్నారు. మా చిన్నప్పుడు పరీక్షలో అందరి జవాబూ ఒక్కలాగే ఉంటే మాస్టారు వేరే పేరు పెట్టేవారు.

రంజాన్ నెలలో మీ పని మరీ కష్టం. హలీం రాగి దేగులో, కట్టెల మంట మీద, పన్నెండు గంటలు ఉడకాలి. ఇద్దరు మనుషులు చెమటలు కారుతుంటే కర్రలతో గోధుమల్నీ మాంసాన్నీ కలిపి మెదుపుతూనే ఉండాలి. హైదరాబాదీ హలీంకి 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఇచ్చింది ఆ పద్ధతికీ ఆ ఓపికకీ కూడా. మీ రీల్‌లో ఆ పన్నెండు గంటలకి రెండు సెకన్లు, మీకు ఆరు సెకన్లు. ఒక్క అనుమానం. పొగలు కక్కే హలీం గబుక్కున నోట్లో పెట్టుకుంటే నాలుక కాలుతుంది. కళ్లు మూతపడతాయి, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇన్నాళ్లూ మేం రుచి అనుకున్నది బొబ్బ కాదు కదా?

ప్రభుత్వం కూడా మిమ్మల్ని పట్టుకోలేకపోయింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్లకి నియమాలు చెప్పింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వచ్చినా, డిస్కౌంటు దొరికినా ఆ సంగతి బయటపెట్టాలి. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపెయ్యకూడదు. తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. బాగానే ఉంది. కానీ మీరు నోరు తెరిచి ఏమన్నారని? 'బాగుందని నేనెక్కడన్నాను సార్, మెడ పట్టేస్తే విదిలించుకున్నాను' అంటే ఏ అధికారి ఏం రాసుకుంటాడు? 'బార్టర్ కొలాబ్' (తిండి ఉచితం, బదులుగా ప్రచారం) అనే ముద్ర నుదుటి మీద వేయించుకొని ఊగితే తప్ప కుదరదు.

2024 అక్టోబర్ 30న తెలంగాణలో పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించారు. దాని ముందు రోజు దాకా ఆ తెల్లటి ముద్దలో మోమోలు ముంచుకొని మీరు ఎంత హాయిగా ఊగారో నా ఫోన్‌కి తెలుసు. అదే ఏడాది ఆహార భద్రత అధికారులు వంటిళ్లలోకి వెళ్లి తారీఖు దాటిన సరుకు, మూతల్లేని డబ్బాలు బయటపెట్టారు. సూక్ష్మజీవులు మీకు కనబడవు, ఒప్పుకుంటాను. బొద్దింక కనబడాలి కదండీ, అది గోడ మీదే ఉంటుంది.

మీ వల్ల మంచి జరగలేదని అనను. మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్ముకునే ఒకావిడ బండికి రీళ్ల పుణ్యాన జనం విరగబడ్డారు. ట్రాఫిక్ ఆగిపోయి 2024 జనవరిలో పోలీసులు బండి తీసెయ్యమంటే ముఖ్యమంత్రే కలగజేసుకొని అక్కడే ఉండనివ్వమన్నారు. ఇంతటి బలం మీది. అప్పుడు ఆమె ముందు పెట్టిన మైకుల్లో 'రోజుకి ఎంత మిగులుతుంది?' అని అడిగినవి నాకు గుర్తున్నాయి. 'ఈ కూరలో ఏం వేస్తారమ్మా?' అని అడిగినది ఒక్కటీ గుర్తు రావడం లేదు.

మీరు లేకుండా కూడా లోకం తిండిని చూసింది. యూట్యూబ్‌లో పుచ్చకాయలో కోడికూర వండి చూపిన మస్తానమ్మ గారు 2018 డిసెంబర్‌లో పోయారు. పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకి పెట్టిన నారాయణరెడ్డి తాత 2019 అక్టోబర్‌లో పోయారు. వాళ్ల వీడియోలు ఇప్పుడూ చూస్తుంటాను. తినే పిల్లలు కెమెరా వంక చూడరు. తల కంచంలోకి వంచేస్తారు. తిండి బాగుంటే తల చేసే పని అదే కదా, మా ఇంట్లో కూడా మామిడికాయ పప్పు రోజు ఒక్కరి ముఖమూ కనబడదు. నారాయణరెడ్డి తాత పోయిన నెలలోనే యునెస్కో హైదరాబాద్‌ని గాస్ట్రానమీ (ఆహార సంస్కృతి) విభాగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది. అది మీరు రాకముందు సంపాదించిన పేరు. గమనించగలరు.

ఇక అసలు ఫిర్యాదు. మొన్నటి వేసవిలో ఒక ఆదివారం మీరు మా మెస్సుకి వేంచేశారు. ముగ్గురొచ్చారు: తినేవాడు, తీసేవాడు, మిట్టమధ్యాహ్నం లైటు పట్టుకునేవాడు. బగారా అన్నం, మటన్, బోటీ, తలకాయ కూర అన్నీ ఒకే కంచంలో గుట్టగా పోయించారు. మొదటి టేక్‌లో లైటు స్టీలు కంచం మీద పడి మెరిసింది. రెండో టేక్‌లో వెనక సింకు దగ్గర ఒక పెద్దాయన గరగరా పుక్కిలించాడు. మూడో టేకుకి ఆవిరి పోయింది, వేడి పులుసు మళ్లీ పోయమన్నారు. ఐదో టేకుకి గానీ ఓకే కాలేదు. నేను పక్క టేబుల్ నుంచి లెక్కపెట్టాను: మీరు ఊగింది ఐదుసార్లు, ముద్దలు దిగింది రెండు. మిగతా మూడు చాటుగా టిష్యూలోకి పోయాయి.

ఎందుకంటే ఆ రోజు తలకాయ కూర ఉప్పు కషాయం. మెస్సు అన్నకి కూడా తెలుసు. వాళ్లు వెళ్లాక తువ్వాలు భుజాన వేసుకొని నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

'సార్, ఉప్పు జర ఎక్కువైంది కదా? పొద్దున పిలగాడు ఒకసారి ఏసిండంట. నేను చూడక మళ్ల ఏసిన.'

'ఎక్కువే అన్నా. రెండు గ్లాసులు మజ్జిగ తాగాను.'

'మరి ఆ తమ్ముడు అట్ల ఊగిండేంది?'

నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడో రోజుకి రీల్ ఎక్కడికో వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి సందు మలుపు దాకా జనం. నా మూల టేబుల్ మీద ఎవరిదో ట్రైపాడ్. బోర్డు మీద తలకాయ కూర పక్కన పాత ధర కొట్టేసి యాభై ఎక్కువ రాశారు. గంటన్నర నిలబడి కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అదే ఉప్పు. కషాయం. అన్నని పిలిచాను.

'ఏంది అన్నా, మళ్లీ రెండుసార్లు వేశావా?'

అన్న చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

'ఏం చెయ్యాలె సార్. మధ్యల ఒక రోజు మామూలుగ ఏసిన. రీల్ల చూసినట్టు లేదని నలుగురు అడిగిన్రు. ఇగ అదే కొలత పెట్టిన.'

చుట్టూ చూస్తే ప్రతి టేబుల్ మీదా ఎవరో ఒకరు కళ్లు మూసుకొని ఉన్నారు.

డాక్టరు గారు మాత్ర మోతాదు పెంచారు. ఆ చీటీ దీంతో జతచేస్తున్నాను, వీలైతే కొలాబ్ కింద సర్దగలరు. మజ్జిగ మాత్రం ఇప్పుడు ఇంటి నుంచే సీసాలో తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
మూల టేబుల్ పోగొట్టుకున్నవాడు