ఎక్కించిన మందు రక్తంలో ఉందా?

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకం వెయ్యరు. రైతు ఎంత బతిమాలినా మీటరు చెప్పిందే మాట. లుకేమియాతో, అంటే రక్తక్యాన్సర్‌తో, పెద్దాసుపత్రిలో చేరిన ఐదేళ్ల పిల్లాడి తొడకు గుచ్చే ఎల్-ఆస్పరాజినేజ్ అనే ఎంజైమ్ మందుకు మాత్రం చాలాచోట్ల ఏ మీటరూ లేదు. సీసా మీద 10,000 యూనిట్లని ఉంటుంది. నర్సు తెల్లపొడిని కలుపుతుంది, ఇంజెక్షన్ చేస్తుంది, ఫైల్లో టిక్కు పెడుతుంది. ఆ యూనిట్లు రక్తంలో ఉన్నాయా అని అడిగేవాళ్లు తక్కువ.

అడగాలి. ప్రతి బిడ్డకూ, సర్కారు ఖర్చుతో.

లుకేమియా కణాలకు తిండిగా కావలసిన ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని రక్తంలో లేకుండా చేసి వాటిని ఆకలితో మాడ్చడం ఈ మందు పని. అందుకు తర్వాతి డోసు దాకా మిల్లీలీటరు రక్తరసంలో కనీసం 0.1 యూనిట్ ఎంజైమ్ చురుగ్గా ఉండాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. మన మార్కెట్లోని బయోజెనరిక్ రకాల (అసలు మందుకు నకలుగా వేరే కంపెనీలు తయారుచేసేవాటి) నాణ్యత తృప్తికరంగా లేదని కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ పరిశోధకులు 2021లోనే రాశారు. 2023లో బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిజం కథనాలతో అది ప్రపంచమంతా తెలిసింది. మందు మంచిదైనా భరోసా లేదు. కొందరు పిల్లల్లో యాంటీబాడీలు చడీచప్పుడు లేకుండా దాన్ని నిర్వీర్యం చేస్తాయి. దద్దురు రాదు, ఆయాసం రాదు. "ఈసారి రియాక్షన్ ఏం రాలేదు సార్" అని తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. నాకు భయం వేసేది అక్కడే.

కొలవకుండానే నెట్టుకురావచ్చనే వాదన ఉంది. మెథోట్రెక్సేట్ అనే మరో క్యాన్సర్ మందు రక్తంలో ఎంతుందో చూసే వీలులేని చోట సెలైన్ ఎక్కువసేపు, దానికి విరుగుడైన ల్యూకోవొరిన్ అదనంగా ఇచ్చి పిల్లల్ని గట్టెక్కించవచ్చని చండీగఢ్ పీజీఐ వైద్యులు చూపించారు. మెచ్చుకోవాల్సిన పనే. కానీ మెథోట్రెక్సేట్ ఒంట్లో నిలిచిపోతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, నోరు పూస్తుంది, ఏదో ఒక గంట మోగుతుంది. చాలని ఆస్పరాజినేజ్‌కు గంట లేదు. ఏడాదికో రెండేళ్లకో జబ్బు తిరగబెడితే తలరాత అంటారు.

పోనీ, పరీక్ష బ్రహ్మవిద్యా? రంగు ఎంత చిక్కబడిందో చూసి లెక్కకట్టే ఎంజైమ్ పరీక్ష. రక్తకణాలు లెక్కించే సీబీపీ పరీక్షకు ఎలాగూ సూది గుచ్చుతారు, ఇంకో మిల్లీలీటరు తీస్తే సరి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అనగానే మెథోట్రెక్సేట్ గుర్తొస్తుంది మనకు. అంతకు చాలా ముందే, 1925లో, సహ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించింది ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి. ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం, కొలత మాత్రం మనకు పట్టదు.

అసలు జబ్బు టెండరు కాగితంలో ఉంది. ఎల్-1, అంటే ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే ఆర్డరు. సీసా ధరలు పోల్చే పట్టిక ఉంటుంది, ఆ సీసా రక్తంలో ఎంత పనిచేసిందో పోల్చే పట్టిక ఉండదు. కాల్షియం మాత్రల నుంచి కీమో మందుల దాకా మనం కొంటున్నది లేబుళ్లనే. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్ర ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీల్లో ఈ పరీక్షకంటూ ఒక లైను రాయించండి. వచ్చిన అంకె పక్కన బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు వేయించండి. ఏడాది తిరిగేసరికి ఆ రిజిస్టరు తెచ్చి బిడ్ల పక్కన పెట్టండి. ఎల్-1 ఎవరో అప్పుడు చూద్దాం.