చుక్కలు తప్ప పేరు లేని ఆ గీత గురించి, బోర్డు గారికి

మహారాజశ్రీ ధూమపాన నిషేధ బోర్డు గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది. ఈ మధ్యాహ్నం మా ఆఫీసు భవనం మూడో అంతస్తు మెట్ల మలుపులో నలుగురు సరిగ్గా మీ కిందే నిలబడి వెలిగించారు. ఒకాయనైతే వెళ్తూ వెళ్తూ పీకని మీ ఫ్రేము అంచుకే నలిపి ఆర్పాడు. కుడివైపు మూల ఆ నల్ల మచ్చ ఇంకా అలాగే ఉంది. తమరు మాత్రం కిమ్మనలేదు.

తమరి పుట్టుక సామాన్యమైందా! 2003 నాటి పొగాకు చట్టం, 2008 నాటి నిబంధనలు, ఆ ఏడు గాంధీ జయంతి రోజున అమలు. కనీసం 60 సెంటీమీటర్లకి 30 సెంటీమీటర్ల తెల్లటి పలక, దాని మీద కనీసం 15 సెంటీమీటర్ల వృత్తం, 3 సెంటీమీటర్ల ఎర్ర అంచు, నడుమ నల్లపొగ కక్కే సిగరెట్టో బీడీయో, దాన్ని కొట్టేస్తూ అంతే మందాన ఎర్ర పట్టీ. పెళ్ళికొడుక్కి సూటు కుట్టేటప్పుడు కూడా ఇన్ని కొలతలు తీయరు. ప్రతి ద్వారం దగ్గరా, ప్రతి అంతస్తులోనూ, మెట్ల దగ్గరా, లిఫ్టు ముందూ తమరు కొలువుండాలి. లిఫ్టు ముందున్న తమరి తమ్ముణ్ణి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీసి సెల్లో టేపుతో అంటించారు. పాపం, వాడి ఎర్ర పట్టీ బూడిద రంగులో ఉంది. సందర్భోచితమే.

అసలు విషయానికి వస్తాను. తమరి అడుగున ఒక వాక్యం ఉంది: ‘ఫిర్యాదుకు సంప్రదించవలసిన వారు’. ఆ తర్వాత చుక్కలు. చుక్కల తర్వాత మళ్ళీ చుక్కలు. అచ్చు వేసిన రోజు ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది.

ఎవరో మరిచిపోయారని అనుకునేవాళ్ళు అమాయకులు. నిబంధన చదివితే ఆ ఖాళీలోని తెలివి అర్థమవుతుంది. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ పేరు అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి. ఫిర్యాదు అందాక కూడా యజమానో మేనేజరో కదలకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలు వాళ్ళే కట్టాలి. ఇప్పుడు లెక్క చూడండి. పేరు లేదు కనుక ఫిర్యాదు అందదు. అందలేదు కనుక పట్టించుకోలేదనే మాటే రాదు. పట్టించుకోలేదని తేలదు కనుక జరిమానా లేదు. ఈ మొత్తం భవనంలో అన్నిటికన్నా లాభసాటి స్థలం ఆ చుక్కల గీతే.

జరిమానా అంటే ఏ లక్షో అనుకునేరు. గరిష్ఠంగా 200 రూపాయలు. ఇరవై కింగ్ సైజ్ సిగరెట్ల పెట్టె అంతకి రాదు.

సెక్యూరిటీని అడిగితే ‘అడ్మిన్‌కి చెప్పండి సార్’ అంటాడు. అడ్మిన్ ‘అది బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ళది’ అంటుంది. మెయింటెనెన్స్‌ని అడిగితే ‘బోర్డు పెట్టాం కదా!’ అంటారు. పోస్టాఫీసులో పోస్టుమాస్టరు, రైల్వే స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు, బడిలో హెడ్‌మాస్టరు, గ్రంథాలయంలో లైబ్రేరియన్... వీళ్ళందరికీ తమ ఆవరణలో జరిమానా వేసే అధికారం ఉంది. ఇక్కడ మాత్రం చుక్కలకిచ్చారు.

‘మెట్ల మీదే కదా, లోపల కాదు కదా’ అనేవాళ్ళకి ఒక మాట. మెట్లదారి అన్ని అంతస్తులనీ కలిపే నిలువు గొట్టం. దానంతటదే మూసుకోవాల్సిన ఫైర్ డోర్‌ని తమరి భక్తులు మంటలార్పే ఎర్ర సిలిండర్ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. ఇంక పొగకి అడ్డేముంది? లోపలికొచ్చాక స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్నదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. రూమ్ ఫ్రెషనర్ కొడితే మల్లెపూల వాసనొచ్చే పొగ మిగులుతుంది.

ఆష్‌ట్రే పెట్టకూడదు కనుక పెట్టలేదు. దాని బదులు అడుగున తడి టిష్యూ వేసిన టీ కప్పు ఉంటుంది. చట్టానికి ఎంత గౌరవం!

ఇక ప్యాంట్రీ పక్క ‘స్మోకింగ్ జోన్’ గురించి. ఆ వసతి విమానాశ్రయాలకీ, 30 గదులకి తగ్గని హోటళ్ళకీ, 30 మందికి తగ్గకుండా కూర్చునే రెస్టారెంట్లకీ మాత్రమే ఉంది. ఆఫీసుకి లేదు. ఉన్నచోటైనా నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, నేరుగా బయటికి పోయే ఎగ్జాస్ట్ కావాలి. లోపలి గాలి పీడనం బయటికన్నా తక్కువ ఉండాలి. ఎగ్జాస్ట్ వేసి, తలుపు మూసి, కింది సందు దగ్గర బయటివైపు అగరొత్తి పట్టుకోండి. పొగ గదిలోకి పోవాలి. మొహం మీదికొస్తే ఆ గది ఉత్త అలంకారం. చాలాచోట్ల ఆ ఎగ్జాస్ట్ గొట్టం ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలేసి ఉంటుంది. అక్కడి నుంచి సెంట్రల్ ఏసీ దాన్ని భద్రంగా అందరికీ పంచుతుంది.

చూడు బోర్డూ, ఇంక ‘తమరు’లు చాలు. నువ్వు గోడకి బరువు తప్ప ఇంకేం కాదు. పొగ తాగేవాళ్ళని ఆపమని నిన్నెవరూ అడగడం లేదు. ఎవరిని అడగాలో చెప్పమంటున్నాం. అదీ చెప్పలేనప్పుడు ‘ఇక్కడ పొగ త్రాగుట నేరం’ అని అంత పెద్ద అక్షరాలెందుకు?

ఇట్లు,
నాలుగో అంతస్తు దాకా ఊపిరి బిగపట్టి ఎక్కేవాళ్ళు

తా.క.: నీ మీద లామినేషన్ ఉంది. బాల్‌పెన్ పడదు, వైట్‌బోర్డు మార్కరు చేత్తో తుడిస్తే పోతుంది. పర్మనెంట్ మార్కరే కావాలి. కాస్త ఆ మసి తుడిచి, పేరు తెలుగులో రాయమను. పక్కనే ఫోన్ నంబరు, ఎత్తేవాళ్ళది.