ఊరి మొగలో అడ్డంగా నిలిచిన వెదురుగడ గారికి

మహారాజశ్రీ వెదురుగడ గారి దివ్య సముఖానికి,

పర్లాకిమిడి దాపున, మహేంద్రతనయ ఒడ్డు పల్లెలో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న నేను అనేక నమస్కారాలు చేసి వ్రాసుకుంటున్న విన్నపం. ఇచ్చట మేమంతా క్షేమం. తమరి క్షేమాన్ని రోజూ దారిలో కళ్లారా చూస్తూనే ఉన్నాను కనుక అడగవలసిన పని లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ వాడుక భాష కోసం వాదించిన పట్టణానికి ఇంత దగ్గరలో ఉండి, ఇంత బరువైన మర్యాదలతో ఉత్తరం రాయడం ఆయన పట్ల అపచారమే. అయినా 2020లో తమరు వెలగబెట్టిన హోదాను తలచుకుంటే కలానికి తేలిక మాటలు రావడం లేదు.

తమరి పుట్టుక నాకు తెలియనిది కాదు. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి గారు టీవీలో కరోనా కోసం ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు తెల్లవారేసరికి మా మామగారి పెరటి పొదలోని వెదుళ్లలో నిటారుగా ఉన్న తమరిని కుర్రాళ్లు ఎంచి నరికారు. పట్నం దారి, ఏటి దారి చీలే చోట రెండు గుంజలు పాతి, తమరి మొదలుకు విరిగిపోయిన రుబ్బురోలు కట్టి, కొసను నీలం నైలాను తాడుతో రెండో గుంజకు బిగించారు. ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజు తమరికి పసుపు రాసి, వేపమండ కట్టి, బొట్టు పెట్టిన చేతులు నావే. అంతకు మూడు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మా అత్త వీధరుగు మీద నిలబడి నా పేరు చెప్పి ఇత్తడి పళ్లెం మోగించింది. ఆ పళ్లేనికి పడిన సొట్ట ఇప్పటికీ పోలేదు, దాని నేరం ఇప్పటికీ నా మీదనే ఉంది. భయం మాకు నిజంగానే ఉండేది. మా సంచిలో ఉన్నవి గుడ్డ మాస్కులు, ఒక డైరీ, ఒక పెన్ను మాత్రమే. దారికి అడ్డంగా ఏదో ఒకటి ఉందంటే గుండె కాస్త కుదుటపడేది.

తమరు నిలబడ్డ ఈ చోటికి చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానాన్ని రెండుగా కోశారు. పట్టణం ఇటు వచ్చింది, ఏటి అవతల పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. 2020 దాకా ఎనభై నాలుగేళ్లు ఆ గీత కాగితాల మీదనే ఉంది గాని, పెళ్లి సంబంధాలు గాని, సంతకు పోయే కూరగాయల బళ్లు గాని, నౌపడా నుంచి గుణుపురం పోయే రైలు గాని దాన్ని ఎన్నడూ లెక్క చేయలేదు. నా పుట్టిల్లు అవతలి ఒడ్డు, మెట్టినిల్లు ఇవతలి ఒడ్డు. ఎండాకాలం ఏట్లో నీరు మోకాళ్లకు మించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు దారి పొడవునా చెట్లు కూలిపోతే, రెండు ఒడ్డుల మగవాళ్లూ ఎవరూ పిలవకుండానే గొడ్డళ్లు పట్టుకొచ్చి, చెరో వైపు నుంచి నరుక్కుంటూ మధ్యలో కలుసుకుని బీడీలు ఇచ్చిపుచ్చుకోవడం నేను చూశాను. 2020లో తమరిని నరికినవి కూడా ఆ గొడ్డళ్లే.

తమరి కొలువులో మొదటి ఉద్యోగి మా వీధి చివరి కుర్రాడు. వాడి నోట్లో రెండేసి చుక్కలు పోలియో మందు వేసింది నేనే. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడడు. అయితే తమరి పక్కన కుర్చీ పడగానే వాడికి ఒడియా ముంచుకొచ్చింది. "కుఆడే జావుఛో?" అని నన్నే అడిగాడు. "సర్వేకిరా, మీ ఇంటికే" అన్నాను. నా నుదుటికి జ్వరం చూసే తుపాకీ గురిపెట్టాడు, తొంభై రెండు చూపించింది. ఆ రోజు తమరిని దాటిన ప్రతివారికీ తొంభై ఒకటో, రెండో చూపించింది కనుక, ఆ యంత్రం లెక్కన మా ఊరివారందరూ చలికి కొయ్యబారి కాటికి చేరి ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో అది చెప్పేది నమ్మరాదని, అసలు జ్వరమే లేకుండా రోగాన్ని మోసేవారు ఉంటారని నేను చెప్పబోతే, వాడు నెంబరు రాసుకుని "సరే పిన్నీ, వెళ్లు" అన్నాడు. చదువుకున్నవాడు కదా, నోటి మాట కంటే అంకె మీద గురి ఎక్కువ.

తమరి నీడలో జరిగినన్ని వాదనలు మా గ్రామసభలో ఏనాడూ జరగలేదు. నలభై గంపల వంకాయ కోతకు వచ్చిన రైతు ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి, తన సరుకు అమ్ముడయ్యే సంత అవతలి రాష్ట్రంలో ఉంటే తన తప్పేమిటని అడిగేవాడు. "నా వంకాయలకు ఒడియా రాదు, అందుకని కుళ్లిపోవాలా?" అనేవాడు. తొంభై ఏళ్ల తల్లిని మంచం మీద పెట్టుకున్న రిటైర్డు మాస్టారు, వంకాయలు మళ్లీ కాస్తాయి, మా అమ్మ కాయదు అని జవాబు చెప్పేవారు. ఇద్దరి మాటా నిజమే గనుక ఎవరూ నెగ్గేవారు కాదు. ఎండ ముదిరాక ఇద్దరూ ఇళ్లకు పోయేవారు. కుర్చీలో కూర్చున్నవారు మాత్రం ఎవరు గట్టిగా అరిస్తే వారి వైపు తమరిని ఆ పూటకు ఎత్తడమో దించడమో చేసేవారు. ఆ లెక్కన ఊరి కమిటీ పెద్దగారి మేనల్లుడి బండికి తమరు ఏనాడూ అడ్డు రాలేదని కూడా ఈ సందర్భంగా గుర్తు చేసుకుంటున్నాను.

సూరత్ నుంచి, చెన్నై నుంచి మన పిల్లలు తిరిగివచ్చే వేళకు వాదన ముదిరింది. ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు వారి పంచాయతీ వరకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది. వచ్చినవారిని పద్నాలుగు రోజులు బళ్లోనో పంచాయతీ కేంద్రంలోనో ఉంచాలని, నియమం తప్పక గడిపినవారికి రెండు వేల రూపాయలు ఇస్తామని చెప్పింది. లక్షణాలు బయటపడడానికి అన్ని రోజులు పట్టవచ్చు కనుక ఆ ఏర్పాటులో అర్థం ఉంది. అయితే బడి పక్క చెరువు వాడుకునేవారు బడి వద్దన్నారు, పంచాయతీ కేంద్రం పక్కవారు అది వద్దన్నారు. అందరూ కలిసి ఒక్క మాట మీదకు వచ్చింది ఎప్పుడంటే, వచ్చేవాళ్లలో తమ ఇంటివాడు ఉన్నాడని ఎవరికి వారికి ఫోను వచ్చిన రోజున. ఆ పూట తమరు ఎవరికీ పరాయివారిని ఆపే గడగా కనిపించలేదు. తమ పిల్లవాడి చొక్కాకు అడ్డం పడిన ముల్లులా కనిపించారు.

ఇక ఏప్రిల్ చివరి వారంలో ఆ రాత్రి సంగతి. తమరు మరిచిపోయి ఉండరు. కొండ దిగువ సవర గూడెం నుంచి తొలి చూలు పిల్లకు నొప్పులు మొదలయ్యాయని కబురు వస్తే, నేను, వాళ్లమ్మ చెరో చేయి పట్టుకుని నడిపించుకుంటూ తమరి దగ్గరకు తెచ్చేసరికి పది దాటింది. అంబులెన్సు అప్పటికే వచ్చి తమరికి అవతల దీపాలు వేసుకుని నిలబడి ఉంది. ఆ బండి పగలు ఎవరిని మోసిందో తెలియదు కనుక అది లోపలికి రాకూడదని కొందరు, పిల్ల బయటకు వెళితే మళ్లీ లోపలికి రానివ్వకూడదని కొందరు, ముందు సర్పంచికి ఫోను చేయాలని మరికొందరు వాదించుకుంటున్నారు. తమరిని కట్టిన ఎత్తు మోటారు సైకిలు హ్యాండిలుకు సరిపోయే ఎత్తు. మేకలు కింద నుంచి పోగలవు. నిండు చూలాలు వంగలేదు, దాటలేదు. ఆ పిల్ల రెండు చేతులూ తమరి మీద ఆనించి, నొప్పి వచ్చినప్పుడల్లా తమరిని పిసికిపట్టి ఊపిరి బిగబట్టేది. నేను నా గడియారం చూసుకుంటూ నొప్పికి నొప్పికి మధ్య ఎడం లెక్కపెడుతున్నాను. ఎనిమిది నిమిషాలు ఆరయ్యాయి. ఆరు నాలుగయ్యాయి. సర్పంచి ఫోను కలవలేదు.

నా సంచిలో కాగితం విప్పని కొత్త బ్లేడు ఒకటి ఉంది. దారిలోనే కాన్పు అయితే బొడ్డుతాడు కోయడానికి తెచ్చుకున్నది. దానితో ఆ నీలం తాడు కోశాను. అటు రుబ్బురోలు బరువుకు మొదలు కిందికి దిగి, తమరు ఎవరూ ముట్టుకోకుండానే పైకి లేచి నిటారుగా నిలబడ్డారు. అప్పటికే పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎన్నో గదుల్లో ఎందరో అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను; ఒక ఆశా దీదీని చూసి లేచి నిలబడిన తొలి అధికారి తమరే. ఆ మర్యాద నేను మరిచిపోలేదు. పట్నం పొలిమేర దాటకముందే బండిలో ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. తాడు ఖరీదు నూట ఇరవై రూపాయలు నేను కట్టుకోవాలన్నారు, కట్టాను. అంబులెన్సు ఎక్కి వచ్చాను కనుక పద్నాలుగు రోజులు ఇంట్లో కాలు పెట్టకుండా పశువుల సాలలో ఉండాలన్నారు, ఉన్నాను. అయితే పై నుంచి ఇంటింటి సర్వే ఆపవద్దని ఉత్తర్వు ఉంది. సర్వే చేయడానికి ఊళ్లో నేను తప్ప మరొకరు లేరు. అందుచేత తీర్మానం ఇలా స్థిరపడింది: నేను పగలు నూట పది ఇళ్ల గడపల దగ్గరకు వెళ్లి, దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగి రాసుకోవచ్చు, రాత్రి నా ఇంటి గడప మాత్రం తొక్కరాదు. ఇందులో ఏదో పొసగలేదని ఒక్కరికైనా తోచలేదు. మా ఆవుకు తోచింది కాబోలు, మొదటి రెండు రాత్రులు నన్ను చూసి బెదిరింది, మూడో రాత్రి నుంచి జరిగి చోటు ఇచ్చింది.

ఆ సాలలో ఉన్న రోజుల్లోనే, మే 3న, ఆసుపత్రుల మీద హెలికాప్టర్ల నుంచి పూలు చల్లారని ఫోనులో చూశాను. మా సాల ఆ దారిలో లేదు. ఏప్రిల్ 22న వచ్చిన ఆర్డినెన్సు ప్రకారం మా వంటివారి మీద చేయి చేసుకుంటే అయిదేళ్ల వరకు, గాయం తీవ్రమైతే ఏడేళ్ల వరకు జైలని కూడా తెలిసింది. చేయి చేసుకోకుండా తాడు ఖరీదు వసూలు చేస్తే ఎన్నేళ్లో అందులో రాయలేదు. విధిలో ఉండగా కరోనాతో పోతే ఇంటివారికి యాభై లక్షల బీమా అన్నారు. బతికి తిరుగుతున్నంత కాలం ఈ పనికి అదనంగా నెలకు వెయ్యి అన్నారు. మా అత్త పళ్లెం సొట్ట మీద గోరుతో గీసుకుంటూ ఈ రెండు అంకెలనూ విని, "అయితే నువ్వు బతికుండడం సర్కారుకు చవక" అంది. దీవెనో దెప్పిపొడుపో నాకు తేలలేదు.

మే 4న ఏటి అవతల మద్యం దుకాణాలు తెరిచారు. ఒకటి రెండు రోజుల్లోనే ధర మొత్తం డెబ్బై అయిదు శాతం పెంచారు. ప్రాణం పోయినా సరిహద్దు దాటనివ్వమని తమరి మీద చేయి వేసి ప్రమాణం చేసినవారిలో కొందరి పంచెలు ఆ వారం మోకాళ్ల దాకా తడిసి ఆరుతూ కనిపించాయి. తమరు దారిని మాత్రమే కాపలా కాశారు గనుక ఏటి సంగతి తమరిని అడగడం న్యాయం కాదు.

జూన్‌లో మా గజపతి జిల్లాలో శని, ఆదివారాలు మాత్రమే మూత కనుక తమరి కొలువు వారానికి రెండు రోజులకు తగ్గింది. తరువాత అదీ పోయింది. ఇప్పుడు తమరు కమిటీ పెద్దగారి పెరట్లో ఆనపపాదు మోస్తున్నారు. మోయడంలో తమరికి పేరు పెట్టడానికి లేదు. పోయిన వారం తమరి మీది కాయ ఒకటి కోసి పెద్దగారే మా ఇంటికి పంపారు. దానితో పాటే వచ్చి, ఈ మధ్య తల తిరుగుతోంది, బీపీ చూసి పెట్టమ్మా అన్నారు. చూశాను. నూట అరవై, నూరు ఉంది. పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసి ఇచ్చాను.

ఇంత విన్నవించుకోవడానికి కారణం చిన్నది. వచ్చే బుధవారం మా ఊళ్లో టీకాల రోజు. అంగన్‌వాడీ ముందు నీడ కోసం టార్పాలిను కట్టాలి, మూడు గడలు దొరికాయి, నాలుగోది లేదు. పెద్దగారిని అడిగితే, అది ఊరుమ్మడి సొత్తు, అర్జీ పెట్టుకో అన్నారు. అర్జీ ఏదో నేరుగా తమరికే పెట్టుకుంటే మంచిదని తోచింది. ఒక్క పూటకు తమరిని డిప్యుటేషను మీద పంపించవలసిందిగా ప్రార్థన. ఆ రాత్రి బండిలో పుట్టిన పిల్ల కూడా తన తమ్ముణ్ణి చంకనెత్తుకుని సూదికి తీసుకొస్తానంది.

ఇట్లు,
ఆశా దీదీ

తా.క. తాడు నేనే తెచ్చుకుంటాను.