వినకండి బాబూ, వాయిస్తున్నాం

వినకపోయినా ఫర్వాలేని సంగీతాన్ని కనిపెట్టిన ఘనత అంతా పాశ్చాత్యులకే దక్కుతుంటే మన కల్యాణమండపాలు మౌనంగా చూస్తూ ఊరుకోవడం నాకేం నచ్చలేదు. (మౌనంగా అనడం తప్పే. మన కల్యాణమండపం ఎప్పుడు మౌనంగా ఉంది గనక!)

బ్రయన్ ఈనో అని ఇంగ్లండు సంగీతకారుడు. 1975లో ఓ ప్రమాదంలో దెబ్బలు తగిలి మంచం పట్టాడు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఒకటి ఇచ్చి వెళ్లింది. అది పెట్టుకుని నడుం వాల్చాక తెలిసింది, సౌండు మరీ తగ్గి ఉందని, రెండు స్పీకర్లలో ఒకటి అసలు మోగడమే లేదని. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన. వానలో కలిసిపోయి వినీ వినపడకుండా సాగిన ఆ వాద్యం దగ్గర ఆయనకు జ్ఞానోదయమైంది. 1978లో ఏకంగా విమానాశ్రయాల కోసమని ఓ ఆల్బమ్ చేసి, యాంబియెంట్ సంగీతమని పేరు పెట్టాడు. శ్రద్ధగా వింటే బాగుండాలి, పట్టించుకోకపోయినా ఇబ్బంది ఉండకూడదు. అదీ దాని లక్షణం. మనింట్లో స్పీకరు మోగకపోతే నెత్తిన రెండు మొట్టికాయలు వేసి మోగిస్తాం. మనకు కొత్త సంగీతశాఖలు పుట్టకపోవడానికి కారణం ఇదే.

ఈనో కంటే ముందే ఫ్రాన్సులో ఎరిక్ సతీ అనే ఆయన 'ఫర్నిచర్ సంగీతం' అన్నాడు. కుర్చీ, బల్లలాగా గదిలో ఓ మూల పడి ఉండాలట. 1920లో ప్యారిస్‌లో నాటకం విరామంలో దాన్ని వాయించారు. దయచేసి పట్టించుకోవద్దని ముందే చెప్పారు కూడా. పాపం, ఆ జనం సంగీతం మొదలవగానే నోళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టారు. సతీ వాళ్ల మధ్య తిరుగుతూ 'మాట్లాడండి, వినకండి' అని మొత్తుకున్నాడట. అయినా వినడం మానలేదు. ఈ పెద్దమనిషిని ఒక్కసారి తెనాలిలో పెళ్లికి తీసుకురావాల్సింది. ఆనందబాష్పాలు రాల్చి ఉండేవాడు.

మన దగ్గర ఈ విద్య ఇంటినుంచే మొదలవుతుంది. మా ఇంట్లో సుప్రభాతాన్ని ఎవరూ పాటగా విన్న జ్ఞాపకం లేదు. అది గడియారం. 'కౌసల్యా' అనగానే పాలు స్టవ్ ఎక్కాలి, 'కమలాకుచ' వచ్చేసరికి పిల్లలు బూట్లు వేసుకుని ఉండాలి. మేలుకోవలసిన స్వామి ఒక్కడే దాన్ని శ్రద్ధగా వింటున్నాడని నా నమ్మకం.

అయితే శాస్త్రం మొత్తం ఉన్నది మాత్రం పెళ్లిమేళంలోనే. సన్నాయి వాయించే ఆయన పొద్దున్నుంచి బుగ్గలు పగిలేలా కల్యాణి, మోహన వాయిస్తుంటాడు. ఆయన ముందే కుర్చీలు గుండ్రంగా వేసుకుని, వీపులు ఆయనవైపు తిప్పి, మనవాళ్లు ఎకరం రేట్లు మాట్లాడుకుంటుంటారు. మేళం పెరిగితే గొంతు పెంచుతారు తప్ప ఒక్కరూ తల తిప్పరు. ఇక జీలకర్ర, బెల్లం వేళకు పంతులుగారు చెయ్యెత్తి 'గట్టిమేళం' అంటారు. డోలు, సన్నాయి ఒక్కసారి విరుచుకుపడతాయి. ఎందుకు? ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట అన్నా వినపడకూడదని. అంటే ఓ చప్పుడును ఇంకో చప్పుడుతో కప్పెయ్యడం. ఇదే పని చేసే 'వైట్ నాయిస్' యంత్రాలను ఇవాళ నిద్రకోసమని అమ్ముతున్నారు. మనం కట్నంతోపాటు ఉచితంగా ఇచ్చాం.

మొన్న ఆ తెనాలి పెళ్లిలోనే మా అన్నయ్య కొడుకు ఓ మూల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, బోలెడు టెన్షన్. "ఏం వింటున్నావురా?" అంటే, "వాన సౌండ్ బాబాయ్, పది గంటలది. నెలకింతని కడుతున్నా" అన్నాడు. అప్పుడు బయట షామియానా మీద భోరున వాన కురుస్తోంది. చెయ్యి పట్టి బయటికి లాక్కెళ్లి చూపించాను. కాసేపు విని పెదవి విరిచాడు.

"ఇది ఒక లెవెల్లో ఉండట్లేదు బాబాయ్. మధ్యలో ఉరుములు కూడా."

వరుణదేవుడికి రేటింగ్ ఎన్ని స్టార్లు ఇచ్చాడో అడగలేదు.

లోపలికొచ్చాక ఈ అన్యాయానికి నావంతు ప్రాయశ్చిత్తంగా ఓ కుర్చీ తీసుకెళ్లి సన్నాయి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. రెండో పంక్తి లేచినా కదల్లేదు. నిజంగా బాగుంది. తోడి రాగం అనుకుంటా, నెమ్మదిగా అల్లుకుంటూ పోతున్నాడు. తల ఊపాను. ఆయన నన్ను ఓసారి చూశాడు. మళ్లీ చూశాడు. డోలు ఆయనకు కళ్లతో ఏదో సైగ చేశాడు. నాలుగు నిమిషాలకు సన్నాయి దించి, కండువాతో మూతి తుడుచుకుని, నా దగ్గరికొచ్చి వంగి మెల్లగా అడిగాడు.

"ఏమైనా తప్పు వాయించామా అండీ?"