నత్తను మేతగా వాడదాం, చిత్తడి నేలలను ఊడ్చేయకుండా

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు దిగిన చేపలన్నీ కూరకే పోవు. చిన్నాచితకా చేపలు కొన్ని ఎండి, పొడై, పెంపకపు చేపల మేతలో కలుస్తాయి. చెరువులో చేపను పెంచడానికి సముద్రంలో పిల్లచేపల్ని తోడేయడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. అందుకే మేతలో నత్త మాంసం వాడొచ్చన్న మాట వింటే సంతోషమేస్తుంది.

ఆ మాటలో పస ఉంది. ఎండిన నత్త మాంసంలో దాదాపు సగం మాంసకృత్తులే. బొచ్చె, శీలావతులకు తవుడు, వేరుశనగ చెక్కతో చాలావరకు గడిచిపోతుంది. కొర్రమీనుకు అలా కుదరదు, మాంసం పడాల్సిందే. నత్త అక్కడ పనికొస్తుంది.

భీమిలి వైపు ఒక చెరువు గట్టున ఓ పెద్దావిడ నత్తలు ఉడకబెట్టి, పిన్నీసుతో ఒక్కొక్కటీ లాగుతుంటే కాసేపు కూర్చున్నాను. తట్టెడు నత్తలకు గిన్నెడు మాంసం కూడా రాలేదు. "కూరకైతే సరే బాబూ, చేపలకి ఎంతని తీస్తాం?" అంది. లెక్కంతా ఆ మాటలోనే ఉంది. బరువులో పెద్ద వాటా గుల్లదే, కూలి మాత్రం మాంసానికి పడుతుంది. కాబట్టి ఇది పెద్ద ఫ్యాక్టరీల సరుకు కాదు, ఇంటిల్లిపాదీ పనిచేసే చిన్న రైతు మేత.

పచ్చి నత్తలు వేయకూడదు, వాటిలో పరాన్నజీవులుంటాయి. పశువులకు కార్జపు జలగ వ్యాధి సోకేదీ కొన్ని రకాల చెరువు నత్తల వల్లే. బాగా ఉడికిస్తే ఆ బెడద పోతుంది. సీసం, కాడ్మియం మాత్రం ఉడికించినా పోవు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే గెడ్డల్లో, అంటే వాగుల్లో, నత్తలు వాటిని ఒంట్లో పోగేసుకుంటాయి, మేత ద్వారా అవి చేపలోకి, మన కంచంలోకి వస్తాయి. ఆ గెడ్డల నత్త ఎంత చవగ్గా దొరికినా వద్దు.

నా అసలు టెన్షన్ కొండకర్ల ఆవ లాంటి మంచినీటి చిత్తడి నేలల గురించి. మేతకు గిరాకీ పెరిగితే బస్తాలకు బస్తాలు ఎత్తేస్తారు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో ఏటా గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలకు ప్రధాన ఆహారం నత్తే. పైగా ఎండాకాలమంతా మూత బిగించుకుని బురదలో పడుకున్న నత్త తొలకరికి లేచి గట్టు తడిలో గుడ్లు పెడుతుంది. సులువుగా చేతికి దొరికేదీ అప్పుడే.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం. తొలకరి తర్వాత ఆవల్లో నత్తల ఏరివేతకూ అలాంటి విరామం కావాలి. ఈలోగా రైతు తన చెరువులో, వరిమడిలో పుట్టిన నత్తలనే ఏరుకుని వాడుకోవచ్చు.