రెట్టింపు ఆదాయం ఎవరికి వచ్చింది?

2022 నాటికి రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని 2016లో కేంద్రం చెప్పినప్పుడు మా నాన్నగారు నిజంగా నమ్మారు. కోనసీమలో మాది కౌలు సేద్యం. సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) రెండూ వేస్తాం. ఆ 2022 వచ్చింది, వెళ్ళింది. అప్పు మాత్రం అలాగే ఉంది.

2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300. అంటే 75 కిలోల బస్తాకి 1,725 రూపాయలు. తేమ ఎక్కువుందని అందులోనూ కోత పెడతారు. కోతల వేళ మబ్బు పట్టిందంటే రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దగ్గర రాత్రంతా టెన్షనే. ఎరువు, కోత మిషను, కూలి అన్నీ పెరిగాయి. భూమి ఆసామికి కౌలుగా కొలిచే బస్తాలు ఒక్కటీ తగ్గలేదు.

నాకు అన్నిటికంటే కడుపు మండేది కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ సాయం సంగతి. ఏడాదికి 6,000, అదీ భూమి పేరున ఉన్నవాళ్ళకే. బురదలో దిగేది మేము, డబ్బు పడేది పట్నంలో ఉన్న ఆసామి ఖాతాలో. పాసుపుస్తకం లేకపోతే రైతు కాదా?

నిలబడని మాట ఆదాయం ఒక్కటే కాదు. మా కోనసీమ మీదుగా వెళ్ళాల్సిన కోటిపల్లి–నరసాపురం రైలు లైను 2000-01లోనే మంజూరైంది. అప్పుడు బడికెళ్ళిన మేము పిల్లల తల్లిదండ్రులమయ్యాం, అమలాపురానికి రైలు రాలేదు.

ఈ దాళ్వా పెట్టుబడి కూడా నాన్నగారు వడ్డీకే తెచ్చారు.