గట్టు వేసిన చేతులకు గుర్తింపు ఏది?

అమెరికాలో సౌత్ కరొలినా, జార్జియా తీరాన్ని ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే నదుల వెంట చిత్తడి నేలల్లో గళ్లుగళ్లుగా గీతలు కనిపిస్తాయి. అవి పాత వరి మళ్లు. సైప్రస్ చెట్ల అడవులు నరికి, మొద్దులు పెకలించి, బురద తవ్వి మైళ్ల కొద్దీ గట్లు పోసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు, మనవలు. యంత్రం లేదు, కూలి డబ్బులూ లేవు.

అది ఎంత సున్నితమైన పనో వరి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీరు నది అడుగు నుంచి ఎగదన్నుతుంది, తేలికైన మంచినీరు దాని మీద లేస్తుంది. ఆ పైనీటినే చెక్క తూముల గుండా మడికి పెట్టాలి, పాటు వేళ బయటికి తీయాలి. లెక్క తప్పి ఉప్పునీరు చొరబడితే పంట పోయినట్టే. ఈ పనికి తెచ్చిన వాళ్లలో చాలామంది పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగాంబియా, సియెర్రా లియోన్ తీరాల వాళ్లు. అక్కడ తరతరాలుగా వరి పండిస్తున్నారు. అంటే దోచుకున్నది ఒంటి కష్టాన్నే కాదు, సేద్యం తెలివిని కూడా.

మలేరియాకు భయపడి యజమానులు వేసవిలో ఊరొదిలి పోయేవారు. బానిసలు మోకాటిలోతు నీళ్లలో కలుపు తీస్తూ ఉండిపోయేవారు. జార్జియాలోని బట్లర్ దీవి యజమాని అప్పులు తీర్చుకోవడానికి 1859లో సవానా దగ్గర 400 మందికి పైగా మనుషుల్ని వేలం వేయించాడు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జూన్‌లో, తానూ బానిసత్వం నుంచి తప్పించుకున్న హ్యారియెట్ టబ్‌మన్ దారి చూపగా యూనియన్ (ఉత్తరాది) సైన్యం సౌత్ కరొలినాలోని కాంబాహీ నది మీద వచ్చి 700 మందికి పైగా బానిసల్ని విడిపించింది. బానిసత్వం పోయాక, వరస తుపాన్లు కొట్టాక ఆ సాగు ఆగిపోయింది.

ఇప్పుడు యజమానుల భవనాలకు మరమ్మతులు జరుగుతాయి, వాటి తోటల్లో పెళ్లిళ్లు జరుగుతాయి. గట్లు మాత్రం తెగి, కొట్టుకుపోతున్నాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. మాకు బాధ కలిగించేది ఇదే. ఆ తీరంలో అసలు కట్టడం గట్టే. దాన్ని లైడార్‌తో (లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) సర్వే చేసి నమోదు చేయాలి, వేసింది ఎవరో అక్కడే బోర్డు మీద రాయాలి. ఆ బానిసల వారసులైన గల్లా గీచీ ప్రజల వారసత్వ ప్రాంతాన్ని 2006లోనే అమెరికన్ కాంగ్రెస్ గుర్తించింది. ఏది కాపాడాలో తేల్చేటప్పుడు ఆ వారసుల మాటే ముందు వినాలి.

షార్లెట్, అట్లాంటాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆ తీరంలోని చార్లెస్టన్, సవానా దూరమేమీ కాదు. అటు వెళ్లినప్పుడు భవనం ముందు ఫొటో దిగి తిరిగొచ్చేయకుండా నది ఒడ్డు దాకా నడవాలని, ఆ తూముల దగ్గర పనిచేసినవాళ్ల గురించి గైడ్‌ను అడగాలని కోరుతున్నాం.